బాంబర్ల వెంట ముస్టాంగ్: 1260 తూటాలతో అరగంట పోరు ఎలా సాగింది?

విహంగ_మూర్తి

1944 జనవరి 11. జర్మనీలోని ఓషర్స్‌లేబెన్‌లో ఉన్న విమాన కర్మాగారం మీదికి వెళ్లిన అమెరికా బీ-17 బాంబర్లకు అండగా 354వ ఫైటర్ గ్రూపు ముస్టాంగులు, అంటే ఒక్క పైలట్ నడిపే ఫైటర్ విమానాలు, వెళ్లాయి. ముందు నడిపించినవాడు జేమ్స్ హోవర్డ్. లక్ష్యం దగ్గర జర్మన్ విమానాలు మీద పడగానే గ్రూపు చెల్లాచెదురైంది. ఆయన జంట ఇంజన్ల మెసర్‌ష్మిట్ 110 ఒకదాన్ని కూల్చి మళ్లీ బాంబర్ల ఎత్తుకు వచ్చేసరికి తనవాళ్లు ఒక్కరూ పక్కన లేరు. శత్రు విమానాలు ముప్పైకి పైనే ఉన్నాయి. 401వ బాంబ్ గ్రూపు మీదికి వాటిని రానివ్వకుండా దాదాపు అరగంట ఒక్కడే అడ్డుపడ్డాడు. ఆఖర్లో నాలుగు తుపాకుల్లో మూడు ఆగిపోయాయి, పెట్రోలు అడుగంటింది. రెండో ప్రపంచయుద్ధంలో యూరప్ మీద ఎగిరిన ఫైటర్ పైలట్లలో అమెరికా అత్యున్నత సైనిక పతకం మెడల్ ఆఫ్ ఆనర్ అందుకున్నది ఆయన ఒక్కడే.

ఆయన ధైర్యం గురించి చాలామంది రాశారు. నాకు లెక్క కావాలి. బీ రకం ముస్టాంగ్‌లో ఉండేవి 1260 తూటాలు. ట్రిగ్గర్ నొక్కి పట్టుకుంటే అర నిమిషంలో ఖాళీ. మరి అరగంట ఎలా నిలిచాడు? తుపాకులు ఎందుకు మొరాయించాయి? అంత దూరం వెళ్లి కొట్లాడాక తిరిగి రావడానికి పెట్రోలు ఎలా సరిపోయేది? తెలిసినవాళ్లు విడివిడిగా చెప్పండి.

గన్‌బే_రమణ

తూటాల లెక్కతో మొదలుపెడతాను. బీ రకంలో నాలుగు బ్రౌనింగ్ మెషిన్ గన్లు, 0.50 అంగుళాలవి. రెక్కలో లోపలి వైపు గన్‌కు 350, బయటి వైపు గన్‌కు 280 తూటాలు. ఒక్కో గన్ సెకనుకు సుమారు 13 తూటాలు పేలుస్తుంది. అంటే బయటివి 21 సెకన్లలో, లోపలివి 27 సెకన్లలో అయిపోతాయి. డీ రకం వచ్చాక ఆరు గన్లు, 1880 తూటాలు అయ్యాయి గానీ, సెకన్లలో చూస్తే పెద్దగా పెరగలేదు: లోపలి జతకు 30 సెకన్లు, మిగతా నాలుగింటికి 20.

కాబట్టి తర్ఫీదు పొందిన పైలట్ ఒక్కసారి నొక్కితే రెండు సెకన్లు, మహా అయితే మూడు. మీ ప్రశ్నకు సగం జవాబు అక్కడే ఉంది. ఇలాంటి పోరులో అరగంటలో ఇరవై తొమ్మిది నిమిషాలకు పైగా తుపాకి పేలదు. మిగతా కాలమంతా ఎత్తు సంపాదించడం, వంపు తిరగడం, శత్రువు బాంబర్ వైపు ముక్కు తిప్పగానే వాడి మీదికి దూకడం. మీదికి వస్తున్న ముస్టాంగ్‌ను చూసిన జర్మన్ పైలట్ గురి వదిలేసి కిందికి దొర్లితే ఎస్కార్ట్ (బాంబర్లకు కాపలా) పని అయిపోయినట్టే. ఆ రాకకు ఒక్క తూటా కూడా ఖర్చు కాదు. ఒకే గన్ మిగిలాక కూడా హోవర్డ్ దూకుతూనే ఉన్నాడంటే కారణం ఇదే. ఎదుటివాడికి మన తూటాల పెట్టె కనబడదు.

కోనసీమ_కిరణ్

రమణ గారు చెప్పినదానికి జర్మన్ల వైపు నుంచి ఒక మాట. బీ-17ల మీద ఎదురుగా దాడి చేసేటప్పుడు రెండు విమానాలూ దగ్గరయ్యే వేగం గంటకు దాదాపు 600 మైళ్లు. అంటే సెకనుకు 290 గజాలకు పైనే. వెయ్యి గజాల దగ్గర గురి పట్టినా మిగిలేది మూడున్నర సెకన్లు. ఆ మూడున్నర సెకన్లలో వాడు ముక్కు కదల్చకుండా ఉంచాలి, కాల్చాలి, బాంబర్‌ను గుద్దుకోకుండా తప్పుకోవాలి. సరిగ్గా అప్పుడు పక్కనుంచి ముస్టాంగ్ వస్తే వాడు తల తిప్పి చూడక తప్పదు. చూశాడంటే ఆ పరుగు వృథా. మళ్లీ బాంబర్లను దాటి ముందుకు వెళ్లి, తిరిగి వరస కట్టడానికి వాడికి చాలా నిమిషాలు పడుతుంది.

జంట ఇంజన్ల 110లు, 410ల పద్ధతి వేరు. 21 సెంటీమీటర్ల రాకెట్లు మోసుకొచ్చి బాంబర్ల తుపాకులకు అందనంత వెనక నుంచి వదిలేవి. రాకెట్ సూటిగా తగలకపోయినా దళం విచ్చుకుపోతే చాలు, విడిపోయిన బాంబర్‌ను తర్వాత తాపీగా చంపొచ్చు. ఎస్కార్ట్ లేని రోజుల్లో ఇవి భయంకరం. ముస్టాంగ్ వచ్చాక అవే అన్నిటికంటే సులువుగా దొరికాయి: బరువు, మందగమనం, వంపు తిరగలేవు. హోవర్డ్ ముందుగా 110ను పట్టడంలో ఆశ్చర్యం లేదు.

విహంగ_మూర్తి

మరి తుపాకులు? చలికి గడ్డకట్టాయని కొందరు, తూటాల పట్టీ ఇరుక్కుందని కొందరు అంటారు.

గన్‌బే_రమణ

రెండూ జరిగేవి. కానీ బీ రకంలో అసలు రోగం పట్టీదే. ముస్టాంగ్ రెక్క పలచన. బ్రౌనింగ్‌ను నిటారుగా నిలబెడితే మూత రెక్క పైకి పొడుచుకొస్తుంది. అందుకని గన్‌ను పక్కకు వాల్చి బిగించారు. దాంతో పెట్టెలోంచి వచ్చే తూటాల పట్టీ గన్ నోట్లోకి వెళ్లేముందు పైకెక్కి, మెలిక తిరిగి, మళ్లీ వంగాలి. నేల మీద నిలబెట్టి పేలిస్తే ఏ ఇబ్బందీ ఉండదు. గట్టిగా వంపు తిరుగుతూ కాలిస్తేనే గొడవ.

ఎందుకో లెక్క చూడండి. తూటా, దాన్ని పక్క తూటాతో కలిపే లోహపు లింకు కలిపి దాదాపు 135 గ్రాములు. పెట్టెకీ గన్‌కీ మధ్య 30 తూటాల పట్టీ వేలాడుతుందనుకుంటే 4 కిలోలు. 5 జీ వంపులో, అంటే ప్రతిదీ ఐదు రెట్లు బరువెక్కే వంపులో, అదే 20 కిలోల లాగుడు అవుతుంది. బ్రౌనింగ్ తన వెనుతన్నుతోనే పట్టీని లాక్కుంటుంది, దానికి వేరే మోటారు లేదు. అంత బరువు లాగలేక పట్టీ ఆగుతుంది, లేదా మెలిక దగ్గర లింకు వంకర పోతుంది, లేదా తూటా ఒరిగి సగం దూరి బిగుసుకుంటుంది. ఆ తర్వాత ఆ గన్ ఆ రోజుకి లేనట్టే. రెక్కలో ఉన్న గన్‌ను పైలట్ చేత్తో సరిచేయలేడు.

మెకానిక్‌లు దీనికొక మందు కనిపెట్టారు. బీ-26 బాంబర్ టరెట్లలో (తిరిగే తుపాకి గూళ్లలో) తూటాలు అందించే చిన్న విద్యుత్ మోటార్లు ఉండేవి. వాటిని తెచ్చి ముస్టాంగ్ రెక్కలో పట్టీ దారిలో అమర్చారు. డీ రకంలో రెక్కనే మార్చి గన్లను నిటారుగా నిలిపారు, అక్కడితో ఈ బాధ చాలా మటుకు తీరింది. నా దృష్టిలో డీ రకానికి పైలట్ తల మీది గాజు గుమ్మటం కంటే ఇదే పెద్ద మెరుగు. బొమ్మలు చూసేవాళ్లకు గుమ్మటమే కనబడుతుంది, అది వేరే సంగతి.

చలి విషయం: 25,000 అడుగుల ఎత్తున మామూలుగా సున్నాకు 35 డిగ్రీలు దిగువన ఉంటుంది. గన్‌కు నూనె ఎక్కువ పూస్తే చిక్కబడి బోల్టు నెమ్మదిస్తుంది. అందుకే పలచటి నూనె, అదీ గుడ్డతో తుడిచేసినంత పలచగా.

కోనసీమ_కిరణ్

ఇక పెట్రోలు. నాకు తెలిసినంతలో వరస సూటిగానే ఉంటుంది: బయట వేలాడే ట్యాంకులతో టేకాఫ్, అవి అయ్యేదాకా వాటి మీదే ప్రయాణం, శత్రువు కనబడగానే వదిలేయడం, లోపలి ట్యాంకులతో పోరు, తిరుగు ప్రయాణం.

మెర్లిన్_రావు

కిరణ్ తమ్ముడూ, ఆ వరసలో వెళ్తే మొదటి వంపులోనే ప్రాణం పోతుంది. 1944లో స్థిరపడిన పద్ధతి చెబుతాను.

రెక్కల్లో చెరో 92 గ్యాలన్లు, పైలట్ సీటు వెనక 85, మొత్తం 269 అమెరికన్ గ్యాలన్లు, అంటే వెయ్యి లీటర్ల పైచిలుకు. బయట 75 గ్యాలన్ల రేకు ట్యాంకులు రెండు, లేదా 108 గ్యాలన్ల కాగితపు ట్యాంకులు రెండు. కాగితపువి కడితే మొత్తం 485.

టేకాఫ్ ఎడమ రెక్క ట్యాంకు మీద. ఎందుకంటే కార్బురేటర్ నుంచి ఆవిరితో కలిసి వెనక్కి వచ్చే పెట్రోలు ఎడమ ట్యాంకులోకే చేరుతుంది. అందులో ముందే కొంత చోటు చేయకపోతే ఆ పెట్రోలు పొంగి గాలిలో కలిసిపోతుంది. నేల వదిలి సర్దుకున్నాక సెలెక్టర్‌ను (ఏ ట్యాంకు నుంచి పెట్రోలు రావాలో ఎంచే మీటను) సీటు వెనక ట్యాంకు మీదికి తిప్పాలి. ఎత్తు ఎక్కడమంతా దాని మీదే. అది 30 గ్యాలన్లకు దిగేదాకా కాల్చాలి. ఆ తర్వాతే బయటి ట్యాంకులు. వాటినీ కాసేపు ఎడమ, కాసేపు కుడి మార్చుకుంటూ వాడాలి, లేకపోతే ఒక రెక్క బరువెక్కి స్టిక్ (విమానాన్ని తిప్పే కర్ర) ఒక పక్కకు లాగుతుంది.

సీటు వెనక ట్యాంకును ముందు ఖాళీ చేయడం దేనికంటే, 85 గ్యాలన్లు దాదాపు 230 కిలోలు. అంత బరువు వెనక ఉంటే విమానం గురుత్వ కేంద్రం తోక వైపు జరుగుతుంది. మామూలుగా గట్టి వంపులో స్టిక్‌ను వెనక్కి లాగుతూ ఉండాలి. ఆ ట్యాంకు నిండుగా ఉంటే వంపు మొదలయ్యాక స్టిక్ తనంతట తానే వెనక్కి వస్తుంది. పైలట్ దాన్ని ముందుకు నెట్టి ఆపాలి. ఆపలేకపోతే విమానం గిరికీ కొట్టి స్పిన్‌లో పడుతుంది.

ఓరుగల్లు_సుధ

రావు గారు చెప్పిన కాగితపు ట్యాంకు గురించి ఇంకొంచెం. క్రాఫ్టు కాగితం పొరలను జిగురుతో అంటించి అచ్చులో చేసేవారు. బ్రిటన్‌లో తయారయ్యేవి. పెట్రోలు కొన్ని గంటలు నిలవుంటే జిగురు మెత్తబడుతుంది, అందుకే ఎగిరే రోజునే నింపాలి. నింపాక ప్రయాణం వాయిదా పడితే ఖాళీ చేయాల్సిందే. పారేశాక శత్రువుకు పనికొచ్చే లోహం ఒక్క ముక్కా దొరకదు.

పెట్రోలు బయటి ట్యాంకు నుంచి పైకి ఎలా వస్తుందన్నది ఎవరూ అడగరు. ఎత్తున గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి మామూలు పంపు లాగలేదు. పరికరాలకు శూన్యం కల్పించే వాక్యూమ్ పంపు బయటికి వదిలే గాలినే ట్యాంకులోకి మళ్లించి లోపల ఒత్తిడి పెంచారు. ఇది పని చేయబట్టే అంత ఎత్తున బయటి ట్యాంకులు అక్కరకొచ్చాయి.

ఒక చిన్న వస్తువు నాకెప్పుడూ ముచ్చటేస్తుంది. ట్యాంకు నుంచి రెక్కలోకి వెళ్లే గొట్టానికి మధ్యలో గాజుతో చేసిన మోచేతి ముక్క ఉంటుంది, అటూ ఇటూ రబ్బరు గొట్టం. ట్యాంకు ఊడిపడగానే గాజు పుటుక్కున విరిగి గొట్టాలు శుభ్రంగా విడిపోతాయి. రబ్బరో లోహమో అయితే సాగి, ట్యాంకును ఒక పక్క పట్టుకుని రెక్కకు కొట్టేది.

విహంగ_మూర్తి

వదిలే క్షణంలో చేయాల్సిన పనులు వరసగా చెప్పగలరా?

మెర్లిన్_రావు

ముందు సెలెక్టర్‌ను రెక్క ట్యాంకు మీదికి తిప్పాలి. అది నేల మీద, స్టిక్‌కు ముందు ఉంటుంది, చూడకుండా చేత్తో తడిమి తిప్పేంత అలవాటు కావాలి. ట్యాంకు నుంచి పెట్రోలు తోసే బూస్టర్ పంపు వేసి ఉందా చూసుకోవాలి. మిక్స్చర్ (గాలి, పెట్రోలు పాళ్లు) చూసుకోవాలి. ప్రొపెల్లర్ 3000 ఆర్‌పీఎమ్‌కు. థ్రాటిల్ 61 అంగుళాలకు (ఇంజన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడిని పాదరసం అంగుళాల్లో కొలుస్తారు). అప్పుడు ట్యాంకులు వదలాలి. గన్ల స్విచ్, గురి అద్దం దీపం వేయాలి. ఇదంతా నాలుగైదు సెకన్ల పని.

ఎక్కువగా జరిగే పొరపాటు మొదటి మెట్టు మరిచిపోవడం. కంగారులో ముందు ట్యాంకులు వదిలేస్తే సెలెక్టర్ ఇంకా లేని ట్యాంకు వైపే ఉంటుంది. ఇంజన్ గాలి పీల్చి చచ్చిపోతుంది. సెలెక్టర్ తిప్పి, బూస్టర్ వేసి, థ్రాటిల్ కొంచెం వెనక్కి లాగితే మళ్లీ అంటుకుంటుంది గానీ, ఆ కొన్ని సెకన్లూ శత్రువు ముందు నిస్సహాయంగా తేలుతుంటాడు. ఇంకొకటి, ఒక ట్యాంకు ఊడి రెండోది వేలాడటం. విమానం ఒక పక్కకు లాగుతుంది, వేగం పడిపోతుంది. చేతి మీటతో లాగి చూడాలి. అయినా పోకపోతే ఆ పైలట్ పోరాడకూడదు, వింగ్‌మన్‌ను (తన జత పైలట్‌ను) తీసుకుని ఇంటిదారి పట్టాలి. అంటే ఒక్క ట్యాంకు ఇరుక్కుంటే రెండు విమానాలు తగ్గినట్టు.

తిరుగు లెక్క ఇది. వదిలాక రెక్కల్లో 184కి కాస్త తక్కువ, వెనక 30. అంటే సుమారు 210. గట్టి పోరులో నిమిషానికి రెండు మూడు గ్యాలన్లు తాగుతుంది. 61 అంగుళాల మీద 15 నిమిషాలు ఇంజన్‌కు హద్దు. అంతా వాడితే 45 దాకా పోతుంది. మిగిలిన 165తో, గంటకు 60–65 చొప్పున, రెండున్నర గంటలు. బెర్లిన్ నుంచి తూర్పు ఇంగ్లండుకు పట్టే సమయం దగ్గరదగ్గర అంతే. అరగంట పోరు అంటే ఈ లెక్కకు ఎంత అంచున నిలబడ్డట్టో మీకే తెలుస్తుంది. 67 అంగుళాల అత్యవసర శక్తి థ్రాటిల్‌కు అడ్డంగా ఉన్న తీగ తెంచితేనే వస్తుంది, అది 5 నిమిషాలే.

ఓరుగల్లు_సుధ

ఒకటి కలపాలి. తక్కువ ఆర్‌పీఎమ్‌లో గంటల తరబడి తోలితే స్పార్కు ప్లగ్గుల మీద పెట్రోల్లోని సీసం పేరుకుంటుంది. 1944 వేసవిలో ఎక్కువ శక్తినిచ్చే 150 గ్రేడు పెట్రోలు వచ్చాక ఇది ముదిరింది. శత్రువును చూసి ఒక్కసారి థ్రాటిల్ తోస్తే ఇంజన్ దగ్గుతుంది. దారిలో అప్పుడప్పుడు ఒక నిమిషం పూర్తి శక్తితో నడిపి ప్లగ్గులు కాల్చి శుభ్రం చేసుకోవాలి. పెట్రోలు మిగల్చాలన్న ఆత్రంతో ఇది మానేస్తే నష్టపోయేది అసలు అవసరమైన క్షణంలోనే.

కోనసీమ_కిరణ్

రావు గారూ, ట్యాంకుల వరస సరిదిద్దినందుకు కృతజ్ఞతలు. నాకు బాగా తెలిసింది వ్యూహం, దాని గురించి రాస్తాను.

బాంబర్లకు ఎంత దగ్గరగా ఉండాలి? బీ-17 ఆ ఎత్తున గంటకు 220 మైళ్ల చిల్లర వేగంతో పోతుంది, ముస్టాంగ్ దాదాపు 300. పక్కనే పోతే తోసుకుపోతుంది, వేగం తగ్గిస్తే దాడి వచ్చినప్పుడు చేతిలో వేగం ఉండదు. అందుకని బాంబర్లకు పైన పాములా అటూ ఇటూ ఒరుగుతూ వెళ్తాయి. స్క్వాడ్రన్‌కు 16, గ్రూపుకు 48. నాలుగేసి విమానాలు ఒక ఫ్లైట్, దానిలో లీడర్, వింగ్‌మన్ జతలు రెండు. లీడర్ కాలుస్తాడు, వింగ్‌మన్ వాడి తోక కాస్తాడు. జత విడిపోతే ఇద్దరి పనీ చెడినట్టే.

1944 జనవరిలో ఇంగ్లండు నుంచి ఎగిరే అమెరికా ఎనిమిదో వైమానిక దళం జనరల్ డూలిటిల్ చేతికొచ్చింది. ఫైటర్ల మొదటి పని జర్మన్ ఫైటర్లను నాశనం చేయడమని ఆయన మార్చాడు. బాంబర్లను అంటిపెట్టుకుని ఉండాలన్న కట్టు సడలింది. బాంబర్ సిబ్బందికి ఇది నచ్చలేదు, కిటికీలోంచి చూస్తే అండగా ఎవరూ కనబడకపోతే ఎవరికి నచ్చుతుంది? అయినా నా ఉద్దేశంలో ఆ మార్పే సరైనది. తర్వాత వచ్చిన ఫాక్‌వుల్ఫ్ 190 కవచపు రకాలు 30 మిల్లీమీటర్ల ఫిరంగులు మోసేవి, మూడు గుళ్లు సరిగ్గా తగిలితే బీ-17 కూలినట్టే. అవి వరస కట్టి బాంబర్ల వెనక్కి చేరాక ఆపబోతే ఆలస్యమే. అవి ఇంకా గుంపు కడుతున్నప్పుడు, బరువుతో మెల్లగా ఎక్కుతున్నప్పుడు కొట్టాలి. అంటే బాంబర్లకు ఎన్నో మైళ్లు ముందుండాలి.

గన్‌బే_రమణ

కిరణ్ గారితో సగమే ఏకీభవిస్తాను. ముందుకు వెళ్లడం సరే, అందరూ వెళ్లకూడదు. జనవరి 11న జరిగింది అదే కదా. గ్రూపు మొత్తం వచ్చినవాళ్ల మీదికి దిగింది, బాంబర్ల దగ్గరికి తిరిగొచ్చింది ఒక్కడు. ఆ రోజు ఎనిమిదో దళం పోగొట్టుకున్న బాంబర్లు 60. వచ్చిన శత్రువులు ఎందరో చూసి, సరిపడా ఫ్లైట్‌లనే పంపి, కనీసం ఒక స్క్వాడ్రన్‌ను పైనే ఉంచాలి. కొద్దిమంది జర్మన్లు కనబడగానే అందరూ ట్యాంకులు వదిలేస్తే లక్ష్యం దాకా వెళ్లే ఎస్కార్టే ఉండదు. శత్రువుకు అంతకంటే చవకైన గెలుపు ఇంకేముంటుంది?

కోనసీమ_కిరణ్

ఒప్పుకుంటాను. ట్యాంకులు ఎవరు వదలాలో లీడర్ చెప్పాలి, ఎవరికి వారు నిర్ణయించుకోకూడదు.

విహంగ_మూర్తి

గురి సంగతి కూడా చెప్పేయండి. పక్కనుంచి కాల్చేటప్పుడు ఎంత ముందుకు గురిపెట్టాలి?

గన్‌బే_రమణ

గన్లను 250–300 గజాల దగ్గర కలిసేలా బిగిస్తారు. తూటా 300 గజాలు దాటడానికి సెకనులో మూడో వంతు. గంటకు 300 మైళ్లతో అడ్డంగా పోయే ఒంటి ఇంజన్ జర్మన్ ఫైటర్ మెసర్‌ష్మిట్ 109 ఆ లోపు 45 మీటర్లు వెళ్లిపోతుంది. దాని పొడవు 9 మీటర్లు. అంటే ఐదు విమానాల పొడవు ముందుకు, ఖాళీ ఆకాశంలోకి కాల్చాలి. కొత్తవాళ్లకు మనసొప్పదు, ఒకటి రెండు పొడవులకే ఆగిపోతారు. తూటాలన్నీ తోక వెనకే పోతాయి. అందుకే తోక వెనక్కి చేరి, దగ్గరకొచ్చి కాల్చమని చెప్పేది. తర్వాత కే-14 గురి అద్దం వచ్చింది: శత్రువు రెక్కల వెడల్పు ముందే పెట్టి, థ్రాటిల్ పిడిని మెలితిప్పుతూ ఆరు వజ్రపు చుక్కల వలయంలో ఆ రెక్కలు ఇమిడేలా చేస్తే ముందస్తు గురి అదే లెక్కగడుతుంది. కాకపోతే దాదాపు ఒక సెకను కదలకుండా పట్టి ఉంచాలి.

ఓరుగల్లు_సుధ

తిరిగి బాంబర్ల దగ్గరికి చేరేటప్పుడు ఒక జాగ్రత్త. ముక్కు ఎప్పుడూ వాళ్ల వైపు పెట్టకూడదు. ఎదురు నుంచి ముస్టాంగ్, 109 ఒకేలా ఉంటాయి, గన్నర్ కాల్చేస్తాడు. వాళ్ల తుపాకులకు అందని దూరంలోనే పక్కకు తిరిగి, రెక్క ఒరగదీసి మొత్తం ఆకారం చూపించాలి. తొలి ముస్టాంగులకు ముక్కు మీద, రెక్కల మీద, తోక మీద తెల్ల పట్టీలు వేసింది ఇందుకే. ఇంకొకటి: పైనుంచి చల్లబడ్డ అద్దంతో వేగంగా కిందికి దూకితే తేమ గాలి తగిలి లోపల మంచు పడుతుంది. అద్దం మసకబారి ముందేమీ కనబడదు.

విహంగ_మూర్తి

చివరి ప్రశ్న. దిగాక గన్ ఖాళీ అయిందో, ఇరుక్కుందో ఎలా తేలుస్తారు?

గన్‌బే_రమణ

విమానం ముక్కు మనుషులు లేని వైపు ఉండేలా ఆపుతారు. వేడెక్కిన గొట్టంలో తూటా మిగిలి ఉంటే ఎవరూ ముట్టకుండానే పేలొచ్చు. ఆర్మరర్ (తుపాకుల మెకానిక్) రెక్క మీది మూత తీసి ముందు పట్టీ దారి చూస్తాడు. ఖాళీ అయితే దారిలో ఏమీ ఉండదు. ఇరుక్కుంటే మెలిక దగ్గర పట్టీ బిగుసుకుని ఉంటుంది. గన్ మూత ఎత్తి, తూటా తీసేసి, గొట్టం వెనక తూటా కూర్చునే గది లోపల వేలు పెట్టి చూసుకుంటాడు. వంకర పోయిన లింకును, దాని పక్కనున్న రెండు మూడు తూటాలను విడిగా పెడతాడు. గీత ఎక్కడ పడిందో చూస్తే పట్టీ దారిలో ఏ అంచు రాసుకుందో తెలుస్తుంది. ఆ అంచును ఆకురాయితో నున్నగా చేసి, కొత్త పట్టీ వేసి చేత్తో లాగి చూస్తాడు. సాఫీగా జారాకే మూత పెడతాడు.